దాటనిది ఒక్కటి

ఆరేండ్లుగా మా కృపారాణి కర్నూలు విడిచి ఎక్కడా వారం రోజులకు మించి ఉండలేదు. ఉండడానికి వీల్లేదు. ప్రతి శనివారం సాయంత్రం తను కొత్త బస్టాండు వెనక ఉన్న ఆ ఆఫీసులో, గోడ పక్క కుర్చీలో ఉండి తీరాలి. పెండ్లి కూడా అందుకు తగ్గట్టే జరిగింది. శనివారం పని ముగించుకొని ఊరికి వచ్చింది. సోమవారం పెండ్లి. బుధవారం రాయచోటిలో అత్తగారింటి గడప తొక్కింది. శుక్రవారం పొద్దున మళ్ళీ కర్నూలు బస్సెక్కింది. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. అల్లుడు ఏసుకుమార్ అక్కడ బడిపంతులు. ఆ రోజు బస్సు కిటికీ కమ్మీ పట్టుకొని కొంతదూరం నడిచాడట. ఆ మాట కృప నాతో నవ్వుతూనే చెప్పింది గానీ, నేను మాత్రం ఆ వారమంతా అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ కమ్మీనే చూశాను.

కృప నా తమ్ముడు దాసన్న కూతురు. దాని తల్లి పోయేనాటికి దానికి మూడేండ్లు. అప్పటికే మా ఆయన రెండు రోజుల్లో వస్తానని బళ్ళారి లారీ ఎక్కి మళ్ళీ రాలేదు. నేను తమ్ముడింట్లోనే ఉండిపోయి బిడ్డను పెంచాను. మాది ఓర్వకల్లు దగ్గర చిన్న ఊరు. బండల మధ్య ఇళ్ళు, ఇళ్ళ మధ్య మేము గుడి అని పిలిచే చర్చి, చర్చిని ఆనుకొని ఒక లైబ్రరీ గది. ఆ గదిలో నాలుగు బీరువాల పుస్తకాలు, ఒక పాత కంప్యూటరు. ఆ కంప్యూటరు కృప పెట్టించిందే. ఊరి పిల్లలు పరీక్షల దరఖాస్తులు అందులోనే పెడతారు. నేను మధ్యాహ్నంపూట చీపురు పక్కన పెట్టి పాత పత్రికలు అందులో చదువుకొనేదాన్ని.

కృప పని ఏమిటో నాకు అర్థమయ్యేసరికి శానా కాలం పట్టింది. అర్థమయినంత చెబుతాను.

లినక్సు అని కంప్యూటరును నడిపించేది ఒకటుంది. ప్రపంచంలో ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు. కృప పనిచేసే ఆఫీసువాళ్ళు దాన్ని తెచ్చి, తెలుగు అక్షరం కళ్ళకు ఇంపుగా కనబడేటట్టు చేసి, ‘కొర్ర’ అని పేరు పెట్టి బళ్ళకు, పాల సొసైటీలకు, లైబ్రరీలకు ఇచ్చారు. ఇచ్చి ఊరుకుంటే చాలదు. కొత్త దొంగలు పుడుతుంటారు, తలుపులకు కొత్త గడియలు బిగించాలి. అందుకని ఒక్కొక్క కంప్యూటరు స్విచ్చి వేయగానే తనంతట తనే కర్నూలును అడుగుతుంది, నాకు కొత్తగా ఏమైనా ఉందా అని. కర్నూలు ముందుగా సరుకు పంపదు. సరుకు గురించిన వివరం పంపుతుంది. ఫలానా ప్యాకేజీ, ఇది దాని నంబరు, ఇంత దాని పరిమాణం, దానికి తోడుగా ఇవి ఉండాలి, దారిలో ఎవరైనా మార్చి ఉంటే కనిపెట్టడానికి గుర్తు ఇది అని. దీన్నంతా కలిపి మెటాడేటా అంటారు. దాని కింద ఆఫీసు సంతకం ఉంటుంది. అది సరిపోతేనే కంప్యూటరు నమ్మి తలుపు తీస్తుంది.

ఆ సంతకం వేయడం కృప పని. చేత్తో పెట్టేది కాదు, ఆ ఆఫీసులోని ఒకే ఒక్క మిషను మీద, తనకు మాత్రమే తెలిసిన మాట కొట్టి వేసేది. వేసిన సంతకం ఏడు రోజులే చెల్లుతుంది. ఎనిమిదో రోజున అన్ని ఊళ్ళ కంప్యూటర్లూ మొండికేస్తాయి.

ఇట్లాంటి వివరం రాయడానికి లోకంలో అందరూ ఒప్పుకొన్న పద్ధతి ఒకటుందట. ఆ పద్ధతిలో రాస్తే ఏ ఊరివాడైనా చదవగలడు, ఎవరైనా ఆ పని అందుకోగలరు. ఆఫీసు యజమాని భూపేష్ సారు దాన్ని వద్దన్నాడు. తన దగ్గర కొన్నవాళ్ళు రేపు ఇంకొకరి దగ్గరికి పోకూడదని సొంత పద్ధతి ఒకటి పుట్టించమన్నాడు.

ఒకసారి పండక్కి వచ్చినప్పుడు చింతపండు పిసుకుతూ నాకు చెప్పింది. “మన స్టోరు బియ్యం కార్డు మాదిరత్తా. మన కార్డు ఇప్పుడు యాడికి పోయినా చెల్లుతాది గదా. సారు ఆయన స్టోరులో తప్ప ఇంగ యాడా చెల్లని కార్డు చేసియ్యమన్నాడు. చేసిచ్చినా.”

“ఎందుకు చేసిచ్చినావు పాపా?”

“అప్పుడు నాకు ఇరవై రెండేండ్లత్తా. ఎవురికీ తెలీనిది కనిపెట్టినానని మురిసిపోయినా. ఏడు రోజుల గడువు కూడా నేనే పెట్టినా. ఇంగ ఎవురికీ తెలీదు గాబట్టే నన్ను ఇడిసిపెట్టరు.”

ఇడిసిపెట్టకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. చేరిన రోజున అందరి దగ్గరా తీసుకున్నట్టే తన చదువు సర్టిఫికెట్లన్నీ తీసుకొని ఇనుప బీరువాలో పెట్టారు. భద్రంగా ఉంటాయన్నారు. ఉన్నాయి.

ఈ ఏడు సంక్రాంతి దాటాక రాయచోటిలో ఒక కాలేజీలో ల్యాబు ఉద్యోగం కృపకు వచ్చింది. ఏసుకుమార్ బడికి నడిచిపోయేంత దూరం. ఏప్రిల్ ఒకటో తేదీన అసలు సర్టిఫికెట్లు పట్టుకొని స్వయంగా రావాలి, రాకపోతే తరువాతి మనిషికి ఇస్తామన్నారు. కృప ఆ మాట సారుకు చెప్పింది. భూపేష్ సారు అరిచే రకం కాదు. కూర్చోమన్నాడు, మజ్జిగ తెప్పించాడు. నువ్వు పోతే నా బతుకు ఏమి కావాల అని నిజంగానే బాధపడ్డాడట. చివరికి ఒక మాట ఇచ్చాడు. ఊళ్ళలోని కంప్యూటర్లన్నిటినీ లోకం పద్ధతిలోకి మార్చెయ్యి, మార్చి నెలాఖరుకు ఊళ్ళకు జవాబిచ్చే పాత సర్వరు ఆపేద్దాం. ఒక్కటంటే ఒక్కటి కూడా వెనకపడకూడదు. ఎన్ని దాటలేదని చూపించే అంకె సున్నాకు వచ్చిన రోజున బీరువా తీస్తాను.

ఎప్పటికైనా ఏదో ఒకటి మిగులుతుందిలే అనుకొని ఉంటాడు. అన్యాయంగా అనుకున్నాడని నేను అనను. ఆయన కూడా ఆ సొంత పద్ధతిలో ఇరుక్కుపోయినవాడే.

దాటించే పని కృప మార్చి మొదట్లో మొదలుపెట్టింది. పాత పద్ధతిలోనే ఆఖరి సరుకుగా ఒక చిన్న ప్యాకేజీ పెట్టింది. కంప్యూటరు దాన్ని తీసుకుంటే చాలు, ఆ క్షణం నుంచి లోకం పద్ధతి చదవడం దానికి వస్తుంది, ఇక కర్నూలు మొహం చూడాల్సిన పని లేదు. కంప్యూటరును ఒకసారి ఆన్ చేస్తే సరిపోతుంది. ఆత్మకూరు బళ్ళు దాటాయి. రాయచోటి వైపు పాల సొసైటీలు దాటాయి. రోజూ సాయంత్రం ఫోన్ చేసి చెప్పేది. దాని గొంతులో నేను ఎప్పుడూ వినని తేలిక. నేను మాత్రం ఆ అంకె తగ్గుతున్నకొద్దీ దూరాలు లెక్కపెట్టుకొనేదాన్ని. కర్నూలంటే బస్సెక్కితే గంట. రాయచోటి అంటే కడప మీదుగా ఒక రోజు. పోవాలని నేనే ప్రార్థన చేస్తున్నాను, పోతుందేమోనని నేనే నిద్ర మానుకుంటున్నాను.

నెలాఖరు వారంలోకి వచ్చేసరికి అంకె ఒకటి దగ్గర ఆగిపోయింది. కృప ఆ ఒకటీ ఏ ఊరిదో చూసింది. మాదే.

మొదట నాకే ఫోన్ చేసింది. “అత్తా, గుడి పక్క కంప్యూటరు ఎవురూ ఏయలేదా? నెలగా దాని ఉలుకూ పలుకూ లేదు.”

నేను ఫోన్ తమ్ముడికి ఇచ్చాను.

జరిగింది ఇది. భస్మ బుధవారం నాడు, ప్రభువు తిరిగి లేచిన పండగకు ముందు వచ్చే శ్రమదినాలు మొదలైనప్పుడు దాసన్న సంఘం ముందు నిలబడ్డాడు. ఆయన సంఘపెద్ద. పగలంతా బండలు పగలగొట్టి, సాయంత్రం స్నానం చేసి చర్చి దీపం పెట్టే మనిషి. ఈ నలభై దినాలు అన్నం ఒక్కపూట మానడం అందరూ చేసేదే, ఈసారి కష్టమైనది మానుదామన్నాడు. ఊళ్ళో టీవీలు, ఫోన్లలో బొమ్మలు, లైబ్రరీ కంప్యూటరు, ఏదీ ముట్టకూడదు. పండగ పొద్దున దాకా. మాట్లాడుకొనే ఫోన్లు మాత్రం ఉంచుకోవచ్చు. అట్లా ఒకే మనసుతో ఉండి ఒక సంగతి అడుగుదామన్నాడు. నా బిడ్డ ఆ చెరలోనుంచి బయటపడాల, మొగుని దగ్గరికి చేరాల అన్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. కంప్యూటరు తీగ ప్లగ్గులోంచి పీకేశారు. తెరకు తెల్లగుడ్డ కప్పారు. గదికి తాళం వేసి, తాళంచెవిని ప్రభువు బల్ల మీద పెద్ద బైబిలు కింద పెట్టారు. ఎవరి కోసం అడుగుతున్నామో వాళ్ళకు ఆ సంగతి చెప్పకూడదని మా తమ్ముడి నమ్మకం. అందుకని కృపకు ఎవరమూ చెప్పలేదు. కంప్యూటరును ఆన్ చేస్తేనే బిడ్డకు విడుదల అని మాకెవరికీ తెలియదు.

దాసన్న అదంతా ఫోన్లో మెల్లగా చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను, కృప మాట నాకూ వినబడింది.

“నా కోసమని నన్నే కట్టేసినారు నాయనా.”

పండగ ఏప్రిల్ అయిదున. కాలేజీ తేదీ ఒకటి. సర్వరు ఆపేది ముప్పై ఒకటి. కృప ఆ తేదీలన్నీ చెప్పి, ఒక్కసారి తాళం తియ్యి చాలు అంది. మాట సంఘానిది, నేనొక్కణ్ణే ఎట్ల తీసేది అన్నాడు దాసన్న. ఫోన్ పెట్టేశాక వాకిట్లోకి పోయి సుత్తికి పిడి బిగించసాగాడు. బిగించిన పిడినే మళ్ళీ ఊడదీసి బిగించాడు.

రెండు రోజులు అట్లాగే గడిచాయి. నాకు ఎటు కదిలినా గోడ తగిలినట్టుండేది. బావి దగ్గరికి పోతే ఆడవాళ్ళు పాప ఎప్పుడు పోతుంది అంటారు, ఇంటికి వస్తే తమ్ముడి వీపు. ఎండ బండల మీదినుంచి ఇంట్లోకి కొడుతోంది. ఓర్వకల్లు విమానాశ్రయానికి పోయే విమానం ఒకటి కొండ మీదుగా దిగుతుంటే, ఎక్కడివాళ్ళు ఎక్కడికో పోతున్నారు, మా పిల్ల ఒక్కతే పోలేకపోతోంది అనిపించింది. ఆ వెంటనే, పోకపోతే ఉంటుంది కదా అని కూడా అనిపించింది. ఆ తలపు నాకు నచ్చలేదు. చేట అందుకొని బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

శుక్రవారం మధ్యాహ్నం దాసన్న పనిలో ఉండగా కృప నాకు మళ్ళీ ఫోన్ చేసింది. చర్చి ఊడ్చేది నేనే అని దానికి తెలుసు. గొంతు తగ్గించి అడిగింది.

“అత్తా, నువ్వు ఊడ్చేటప్పుడు బైబిలు కింద ఆ చెవి తీసి, గది తెరిచి, తీగ ప్లగ్గులో పెట్టు. మీట నొక్కు. అరగంట తర్వాత పీకేసి మళ్ళా యథాప్రకారం పెట్టేయి. ఎవురికీ తెలీదు.”

“నాకు తెలుస్తాది గద పాపా.”

“నీకు తెలిస్తే ఏమత్తా. నువ్వు నా తట్టు కాదా?”

నేను ఆ సాయంత్రం చర్చికి పోయాను. నేలంతా ఊడ్చాను. బల్ల దగ్గరికి వచ్చి బైబిలు అంచు ఎత్తాను. తాళంచెవి తెల్ల దారంతో కట్టి ఉంది. దాని మీద వేలు పెడితే చల్లగా తగిలింది. బైబిలు మళ్ళీ దించేసి ఇంటికి వచ్చి, తమ్ముడు కాళ్ళు కడుక్కుంటుండగా చెప్పేశాను, పాప తాళంచెవి దొంగతనంగా తీయమని అడుగుతాందిరా అని. దాచుకొనే ఓపిక నాకు లేదు. ఏ భయమూ ఒక పూట కంటే ఎక్కువ నా లోపల నిలవదు.

దాసన్నకు కోపం వస్తుందనుకున్నాను. చెంబు కింద పెట్టి అరుగు మీద కూర్చున్నాడు. “దొంగతనందాకా వచ్చిందా,” అన్నాడు. కాసేపటికి, “నా మొక్కు బిడ్డను ఆడిదాకా తీసకపోయిందాక్కా,” అన్నాడు. ఆదివారానికి ఊరికి రమ్మని కృపకు చెప్పమన్నాడు. నేను ఫోన్ చేసి, నాయనకు చెప్పేశానని కూడా చెబితే, కృప ఫోన్ పెట్టేసింది.

శనివారం కృప ఆఖరి సంతకం వేసింది. తరువాతి శనివారానికి ఆ సర్వరే ఉండదు. ఆదివారం తెల్లారి బస్సు దిగింది. మట్టల ఆదివారం. పిల్లలు ఈత మట్టలు పట్టుకొని పాడుకుంటూ ఊరు తిరుగుతున్నారు. కృప తండ్రికి వందనం చెప్పింది, నాకు చెప్పలేదు. చర్చిలో ఆడవాళ్ళ వైపు చివర, గోడకు ఆనుకొని కూర్చుంది. పాస్టరు అయ్యగారు నాలుగు ఊళ్ళకు ఒక్కరే, ఆ వారం ఇంకో ఊళ్ళో ఉన్నారు. కాబట్టి ఆరాధన దాసన్నే నడిపించాడు. ముగింపు ప్రార్థన చేయకుండా పుస్తకం మూసి, సంగతంతా సంఘానికి చెప్పాడు. పాప నన్ను పంపించబోయిన పని కూడా దాచలేదు. కృప తల వంచుకొంది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఇంకో వారమే కదా, ఆ సారునే వారం ఆగమంటే పోదా అన్నారు కొందరు. సారు ఆగినా కాలేజీ ఆగదని కృప చెప్పింది. నలభై దినాల ఉపవాసం ఇంటి ముందరికి తెచ్చుకొని చెడగొట్టుకుంటామా అన్నారు ఇంకొందరు. నాగక్క తన బాధ తాను చెప్పింది. టీవీ లేక ఆమె కోడలు నెల నుంచి ఆమె మొగమే చూస్తోందట, ఇంత అనుభవించి కూడా ఫలితం లేకుండా పోతే ఎట్లా అంది. మగవాళ్ళు కూడా నవ్వారు.

అప్పుడు మారెన్న లేచాడు. దాసన్నతోపాటు బండ కొట్టే మనిషి, అన్నిటికీ ఒక ఉపాయం చెప్పందే ఊరుకోడు.

“దాసన్నా, మనం మానింది ఏంది? చూసేది. డబ్బా వేరే, తెర వేరే. తెరకు కప్పిన గుడ్డ కప్పినట్టే ఉండనీ. డబ్బాకు మాత్రం కరెంటు ఇద్దాం. అది చేసుకొనేది అది చేసుకుంటాది. మనం కండ్లతో చూడం. మాట పోలే, పని అయిపాయ.”

చర్చిలో గుసగుసలు లేచాయి. బాగుంది అన్నారు, దేవుడే చెప్పించినాడు అన్నారు. నాకూ బాగుందనిపించింది. కృప తలెత్తింది.

దాసన్న మాత్రం తల అడ్డంగా ఊపాడు. “వద్దప్పా. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చినట్ల దేవుని కాడికి కొలతలు తీసకపోవద్దు. ఈడిదాకా నీది, ఆడినుంచి నాది అనేదానికి అది భూమి కాదు. ముట్టము అని చెప్పినాం. ముడితే తప్పినట్లే.”

“మరి ముట్టకుంటే బిడ్డ?”

“ముట్టేది నేను. మీరు మాట నిలబెట్టుకోండి, మీది చెడదు. నేను తప్పుతాండా. అందరి ముందర చెప్పి తప్పుతాండా.” ఆయన బల్ల దగ్గరికి నడిచాడు. “ఈ పండక్కి నేను బల్లలో చెయ్యి వెయ్యను. పెద్దరికం కూడా వద్దు. అయ్యగారికి నేనే చెప్పుకుంటా.”

బల్లలో చెయ్యి వేయకపోవడం మా ఊళ్ళో చిన్న మాట కాదు. పండగ నాడు రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా కూర్చున్నవాణ్ణి పక్కింటివాడు కూడా ఒకటికి రెండుసార్లు చూస్తాడు. దాసన్న వయసొచ్చిననాటి నుంచి ఒక్క పండగ తప్పలేదు.

కృప లేచి వచ్చి ఆయన చేయి పట్టుకుంది. “వద్దులే నాయనా. ఆ ఉద్యోగం పోతే పోనీ, ఇంగోటి చూసుకుంటా.”

“ఉద్యోగం ఇంగోటి దొరుకుతాదిలే పాపా. ఆ కుర్చీలోంచి నువ్వు లేసేది ఎప్పుడు?”

తాళం ఆయనే తీశాడు. ఊరంతా గది బయట నిలబడింది, లోపలికి ఎవరూ రాలేదు. నన్ను రమ్మని దాసన్న కళ్ళతోనే పిలిచాడు, నేను పోయాను. గుడ్డ మీద ఎర్రదుమ్ము పేరుకొని ఉంది. ఆయన గుడ్డ తీసి మడిచి, తీగ ప్లగ్గులో పెట్టి, మీట నొక్కాడు. తరువాత గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కృప కుర్చీ లాక్కొని కూర్చుంది.

డబ్బా గుర్రుమంది. తెర వెలిగింది. కర్నూలును అడిగింది. జవాబు వచ్చింది. కంప్యూటరు జవాబును వద్దంది.

కృప మళ్ళీ అడిగించింది. మళ్ళీ వద్దంది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. బయట ఎవరో, చూసినావా, దేవునికి ఇష్టం లేదు అన్నారు. దాసన్న వీపు బిగుసుకుపోవడం నేను చూశాను. ఆయన తన మొక్కూ పోగొట్టుకున్నాడు, బిడ్డ పనీ కాలేదు. ఆ నిమిషంలో ఆ గదికి తలుపే లేదనిపించింది నాకు. తల్లి మంచం పక్కన చీర కొంగు పట్టుకొని ఆడుకున్న మూడేండ్ల కృప, బస్సు కమ్మీ పట్టుకున్న ఏసుకుమార్, లారీ మీద నుంచి చేయి ఊపిన మా ఆయన, అందరూ ఆ దుమ్ములో ఇరుక్కొని ఉన్నట్టున్నారు.

కృప ఎర్ర అక్షరాలు రెండుసార్లు చదివింది. తరువాత తెర మూలకు చూసి, చిన్నగా నవ్వింది. వచ్చినప్పటి నుంచి అదే మొదటి నవ్వు.

“నాయనా, దీనికి పన్నెండేండ్ల వెనకటి తేదీ ఉండాది. నెలరోజులు తీగ పీకేసినారు గదా, లోపలి చిన్న బ్యాటరీ సచ్చిపోయింది. కాలం మరిచిపోయింది. దీని లెక్కన నాకింకా పెండ్లే కాలే. నిన్న ఏసిన సంతకం ఇంకా పుట్టలే. పుట్టని సంతకాన్ని ఎట్ల నమ్మేది అంటాంది.”

ఈ నాటి తేదీ, గంట చేత్తో పెట్టింది. మళ్ళీ అడిగించింది. ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. ఒక గీత కొంచెం కొంచెంగా నిండింది. నేను ఆ గీతనే చూశాను. గుడ్డ కప్పి ఉంటే, మారెన్న చెప్పినట్టు డబ్బాకు కరెంటు ఇచ్చి ఊరుకొని ఉంటే, ఈ తేదీ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. అది దాటేది కాదు. ఆ మాట తమ్ముడితో చెబుదామనుకున్నాను. ఆయన ముఖం చూసి మానుకున్నాను. తప్పిన మాటకు సాకు దొరికిందని ఆయన సంతోషపడే మనిషి కాదు.

గీత నిండింది. కృప తన ఫోను తెరిచి ఆఫీసు అంకె చూసింది. సున్నా అని చెప్పలేదు. ఫోను తిప్పి నాకు చూపించి, నా భుజం మీద తల పెట్టింది. శుక్రవారం నుంచి నాతో మాట్లాడని పిల్ల. దాని జుట్టులో బస్సు దుమ్ము వాసన. దాసన్న ఎవరివైపూ చూడకుండా తీగ పీకి, గుడ్డ కప్పి, తాళం వేశాడు. పండగ దాకా మిగతావాళ్ళ మాట నిలవాలి కదా.

మరునాడు నేను కూడా కర్నూలు పోయాను. ఒక్కదాన్ని పంపడానికి మనసొప్పలేదు. ఆ కుర్చీని మొదటిసారి చూశాను. మామూలు ప్లాస్టిక్ కుర్చీ, ఒక చేయి విరిగితే తీగతో కట్టారు. భూపేష్ సారు అంకె చూసి, ఇంకో నెల ఉండి కొత్తవాళ్ళకు నేర్పి పోకూడదా అని అడిగాడు. నేర్పాల్సింది ఏమీ లేదని కృప మెల్లగా చెప్పింది.

“ఇప్పుడది అందరూ రాసే మాదిరే రాసుంది సార్. ఈ పని తెలిసినోళ్ళు ఎవురొచ్చినా చదువుకుంటారు. నన్ను అడిగే పని లేదు.”

ఆయన కాసేపు బీరువా వైపు చూశాడు. మాట తప్పుతాడేమోననుకున్నాను. తప్పలేదు. కవరు తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులతో ఇచ్చాడు. మెట్ల దాకా వచ్చి, మీ మేనకోడలు శానా మంచి పిల్లమ్మా అన్నాడు. ఆ గొంతులో ఉన్నది నాకు బాగా తెలిసినదే. ఆయన్ను తిట్టుకుంటూ వచ్చినదాన్ని, దండం పెట్టి మెట్లు దిగాను.

కడప బస్సు మధ్యాహ్నం. కృప కిటికీ దగ్గర కూర్చుంది. ఒడిలో కవరు, రెండు చేతులూ దాని మీద. మజ్జిగ తాగు, ఎండకు తల బయట పెట్టొద్దు, దిగగానే ఫోన్ చెయ్యి అని నేను చెప్పినవే చెబుతున్నాను. ఊ అంటోంది. బస్సు కదిలింది. నేను కమ్మీ పట్టుకోలేదు. పట్టుకుంటే నడవాలి, నడిస్తే ఎక్కడో ఒకచోట వదలాలి.

శనివారం సాయంత్రం రాయచోటి నుంచి ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేర్చుకున్నారట. సంతకం వేసే వేళకు చేతులు ఊరికే ఉండలేకపోతున్నాయని, ఏమీ తోచక ఇంట్లో గిన్నెలన్నీ మళ్ళీ తోమిందని చెప్పింది. ఏసుకుమార్ ఎగతాళి చేస్తున్నాడట. నేను నవ్వాను. ఫోన్ పెట్టేశాక వాకిట్లో కూర్చుంటే ఇల్లు పెద్దదైనట్టు అనిపించింది. కృప ఇన్నేండ్లూ మా ఇంట్లో ఉన్నదేమీ లేదు. అయినా గంట దూరంలో ఉండేది.

పండగ పొద్దున చీకటితోనే చర్చి నిండింది. దాసన్న తెల్ల చొక్కా వేసుకొని వచ్చి, ముందు వరసలో తన చోటు వదిలి, తలుపు పక్కన కూర్చున్నాడు. అయ్యగారు బల్ల దగ్గర నుంచి దిగివచ్చి, దేవుడు క్షమించాడు దాసన్నా, రా అని చేయి చాచారు.

“క్షమించినాడని నాకూ నమ్మకమేనయ్యా,” అన్నాడు దాసన్న. “మాట తప్పినోణ్ణి. ఈ ఒక్క పండక్కి కూర్చోనీండి.”

అయ్యగారు వెనక్కి పోయారు. మారెన్న వంతు వచ్చింది, పోతూ పోతూ దాసన్న భుజం తట్టాడు. నాగక్క, ఆమె కోడలు ఒకరి వెనక ఒకరు పోయారు. ఆడవాళ్ళ వరస కదిలినప్పుడు నేను కూడా లేచాను. నాలుగు అడుగులు వేసి ఆగాను. వెనక్కి వచ్చి తమ్ముడి పక్కన నేల మీద కూర్చున్నాను. పొమ్మని సైగ చేశాడు. పోలేదు.

ముందు అందరి వీపులు. పాట సాగుతోంది. దాసన్న నా వైపు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

“రాయచోటిలో గుడి ఎన్నింటికక్కా?”

“ఈడిమాదిరే తెల్లారకముందే అని చెప్పింది.”

“అట్లయితే ఈపాటికి బల్ల తీసుకొనుంటారా, ఇద్దరూ?”

“తీసుకొనుంటారురా,” అన్నాను.

ఆయన తల ఊపి, పాటలో గొంతు కలిపాడు.